వాగుడుకాయకు తోలు కోటు

ఆమె కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెడుతోంది. ఒళ్లో ఉన్నది వాగుడుకాయ, ఆమె తను పనిచేసే జూలో పిల్లప్పటి నుంచీ పెంచిన మామూలు చిలుక. మెడ నుంచి తోక దాకా దానికి తోలు కోటు.

వల అవతల ఉన్నవి మాత్రం మామూలువి కావు. సముద్రం అవతలి దీవి చిలుకలు. అక్కడి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. కొన్ని దేశాల జూలు కలిసి వాటిని పెంచి, మళ్లీ ఆ అడవికే పంపుతున్నాయి. కిందటిసారి పంపినవాటిని వారం తిరక్కుండానే డేగలు తన్నుకుపోయాయి. పంజరంలో పుట్టినవాటికి డేగంటే ఏమిటో తెలిస్తేగా!

అందుకే ఈ పాఠం. ఒక చిలుక మీద డేగ పడాలి, మిగతావి చూడాలి.

"గోళ్లకు తోలు చుట్టానమ్మా. గీత కూడా పడదు," అన్నాడు డేగను తెచ్చిన పెద్దాయన.

"దాని గుండె ఆగిపోతే?" అందామె.

జూ డాక్టరు ఆమె సొంత అక్కే. "ఇంకే చిలుకను పెట్టమంటావే? జూలో మిగతా చిలుకలు మనిషి ముట్టుకుంటేనే హడలి చస్తాయి. ఇదొక్కటే దేనికీ జంకదు," అంది.

ఆమె కోటు బొత్తాలు మరోసారి సరిచూసింది. వాగుడుకాయ మాత్రం మెడ సాగదీసి, "రా రా, తిన్నావా?" అని డేగను పలకరించింది. పెద్దాయన నవ్వేశాడు. ఆమె దాన్ని వల ఇవతలి పంజరంలో కొమ్మ మీద కూర్చోబెట్టి, పెద్దాయననూ డేగనూ లోపలే ఉంచి, బయటికొచ్చి గడియ పెట్టింది.

డేగ చప్పుడు లేకుండా వచ్చింది. రెప్పపాటులో కొమ్మ ఖాళీ. నేల మీద పరుచుకున్న రెక్కల కింద నుంచి ఆమె ఎన్నడూ వినని అరుపు.

"చాలు! తీసెయ్యండి!"

అక్క ఆమె జబ్బ గట్టిగా పట్టుకుంది. "ఆగవే. వాటిని చూడనీ."

దీవి చిలుకలు చెల్లాచెదురై ఆకుల్లో దూరి, బిగుసుకుపోయాయి. అప్పుడు గానీ పెద్దాయన మాంసం ముక్క చూపి డేగను వెనక్కి పిలవలేదు.

వాగుడుకాయకు దెబ్బేమీ తగల్లేదు. కానీ ఆమె చెయ్యి చాపితే, వేలు నెత్తురొచ్చేలా కొరికి మూలకు పారిపోయింది.

ఆ చిలుకలను దీవికి పంపిన కొన్ని నెలలకు అక్కడి నుంచి కబురొచ్చింది. సగానికి పైగా బతికే ఉన్నాయట. పైన నీడ కదిలితే చాలు, పొదల్లో దూరుతున్నాయట. అక్క పరుగున వచ్చి చెబితే ఆమె ఏడ్చేసింది. వాగుడుకాయ మళ్లీ ఆమె భుజమెక్కుతోంది గానీ, మాట్లాడటం మానేసింది.

ఇంకో గుంపుకు పాఠం ఎప్పుడు పెడదామని అడగబోయిన అక్క, ఆమె ముఖం చూసి ఊరుకుంది.