ముందు తలుపు దగ్గర మనిషి

కొడుకు టిఫిన్ డబ్బాకు మూత బిగించి బల్ల మీద పెట్టగానే నేను వెనక గదిలోకి వెళ్ళిపోవాలి. ఇది ఎవరూ గట్టిగా చెప్పిన మాట కాదు. మా ఆయన చనిపోయిన ఏడాది, పెద్దకర్మ అయిన మూడో రోజున, శ్రవణ్ దుకాణానికి బయలుదేరుతూ కళ్ళద్దాలు మరిచిపోతే అందిద్దామని గుమ్మం దాకా వచ్చాను. వాడు చెప్పులు విడిచి లోపలికొచ్చి, గ్లాసెడు నీళ్ళు తాగి, పావుగంట కూర్చుని మళ్ళీ వెళ్ళాడు. కోడలు మనస్విని మెల్లగా, "అత్తమ్మా, ఆయన పొయ్యేటప్పుడు జర లోపట ఉండరాదు?" అంది. అప్పటినుంచి ఆరేళ్ళు. వాడు తినే అన్నం వండిన చేయి మంచిదే, వాడి చొక్కా ఇస్త్రీ చేసిన చేయి మంచిదే. ఎదురొచ్చే ముఖమే పనికిరాదు.

పోయిన దసరాకు వాడు ముందు తలుపు పైన కెమెరా పెట్టించాడు. అమ్మ పగలంతా ఒక్కతే ఉంటుంది, సేఫ్టీ అన్నాడు. అఫ్జల్‌గంజ్‌లో టోకు కిరాణా దుకాణంలో కూర్చుని, ఫోన్‌లో మా జహనుమా ఇంటి గుమ్మం చూస్తుంటాడు. నేను కాస్త గాలికి నిలబడితే ఆ కెమెరాలోంచే వాడి గొంతు వస్తుంది, బయటేం పని, లోపలికి పొమ్మని. పొద్దున బయలుదేరేటప్పుడు కూడా ముందు ఫోన్ చూసుకుంటాడు, గుమ్మంలో నేను లేనని తేలాకే చెప్పులు వేసుకుంటాడు. ఇదివరకు నేను లోపలికి పోవాలన్న గుర్తుగా దగ్గేవాడు. ఇప్పుడు ఆ దగ్గు కూడా అక్కర్లేకపోయింది.

నాకు చదువు నేర్పింది మనవరాలు శ్రీహిత. ఆయన బతికుండగా ఒకసారి నేర్చుకుంటానంటే, సంతకాలు పెట్టడానికి నేనున్నాను కదా అని నవ్వారు. ఆయన పోయాక బ్యాంకులో గుమస్తా నా బొటనవేలు పట్టుకుని సిరాదిమ్మె మీద అదిమాడు, గుడ్డ ముక్క ఇచ్చి తుడుచుకోమన్నాడు. ఇంటికొచ్చి ఎంత రుద్దినా ఆ మరక రెండు రోజులు పోలేదు. ఆ వారమే పన్నెండేళ్ళ పిల్ల ముందు పలక పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు నాకు యాభై ఎనిమిది. ఈ ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టాను.

చదవడం అలవాటవుతుందని శ్రీహిత తన పాత ఫోన్ నాకిచ్చి, కెమెరా కబురు తెలుగులో వచ్చేలా పెట్టింది. ఒకరోజు వాకిలి ఊడ్చి లోపలికి వచ్చి చూస్తే, 'ముందు తలుపు దగ్గర మనిషి' అని ఉంది. కూడబలుక్కుని చదివి, ఎవరొచ్చారా అని మళ్ళీ బయటికి వెళ్ళాను. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి ఇంకోసారి అదే మాట. ఆ మనిషిని నేనే.

ఆ రోజంతా పప్పు ఏరుతున్నా, బట్టలు మడతపెడుతున్నా అదే ఆలోచన. పిల్లి వస్తే జంతువు అంటుంది ఆ కెమెరా. పాలవాడు వచ్చినా, మనస్విని వచ్చినా, నేను వచ్చినా మనిషి అంటుంది. దానికి నా నుదురు చూడటం రాదు. దయ ఉండి కాదు. నా మోకాళ్ళ నొప్పి దానికి తెలియదు, కదలకుండా నిలబడితే నేనున్నానన్న సంగతే మరిచిపోతుంది. మనిషి బుర్ర అలా మరవదు. ఇంట్లో వాళ్ళు నన్ను చూసిన ప్రతిసారీ నా పక్కన ఆయన లేకపోవడాన్నే చూస్తారు. లేనిదాన్ని చూడగలగడం మనుషుల తెలివి. ఆ తెలివితోనే నన్ను వెనక గదిలో పెట్టారు.

మొన్నొకసారి శ్రవణ్ బయలుదేరబోతుంటే ఫోన్ మోగింది, గుమ్మంలో మనిషి అని. బొమ్మ కూడా చూడకుండా వాడు గిరుక్కున వెనక్కి వచ్చి నీళ్ళు తాగి కూర్చున్నాడు. నేను వెనక గదిలోనే ఉన్నాను. అంట్లు తోమే కొమురమ్మ లోపలికొచ్చి, సంగతి తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనే సేటూ. పుస్తెలు మెడలనే ఉన్నయ్. నీళ్లు ఊకెనే తాగిన్రు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక నా మీద నాకే రోత పుట్టింది.

తెలుగు పరీక్ష రోజునే శ్రవణ్ రెండో దుకాణం తెరుస్తున్నాడు. వర్జ్యం ఎనిమిదీ యాభై దాకా ఉంది, అది దాటాకే ఇంట్లోంచి కదలాలన్నాడు పంతులు. తొమ్మిదికి నా పరీక్ష కేంద్రం గేటు మూసేస్తారు. ఆటోలో ఇరవై నిమిషాల దూరం. దుకాణానికి కలిసి వెళ్ళడానికి బంధువులు ఏడు నుంచే ముందు గదిలో కూర్చున్నారు. మా ఇంటికి వెనక దారి లేదు, వెనక గది గోడ అవతల పక్కింటివాళ్ళ గోడే. నాలుగు రోజుల ముందే చెప్పాను. ఈసారి కాకపోతే మళ్ళీసారి రాయొచ్చు, నీ పరీక్షకేం తొందరని కొడుకన్నాడు. ఆ పొద్దున ఇరవై మందికి ఉప్మా చేసి, లోపలికి వచ్చి హాల్ టికెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మనస్విని తలుపు దగ్గర నిలబడి, "అత్తమ్మా, ఇయ్యాల ఒక్కరోజు" అంది. ఆరేళ్ళుగా ప్రతిరోజూ ఇవ్వాళ ఒక్కరోజే. తన కళ్ళలో భయం చూశాను. రేపు తనకూ ఈ గది ఉందని తనకు తెలుసు.

ఎనిమిదీ ఇరవై అయిందని శ్రీహిత వచ్చి చెప్పింది. నా పెన్నుల సంచి చేతికిచ్చింది.

లేచాను. ముందు గదిలోకి వచ్చాను. శ్రవణ్ కొత్త పంచెలో, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెంతో నా దారికి అడ్డంగా ఉన్నాడు.

"అమ్మా, గిట్లెందుకొచ్చినవ్? మేమింక బయలెల్లనే లేదు."

"నేను బయలెల్లిన బిడ్డా, పరీక్షకు. నేను ఆటో ఎక్కేదాక మీరంత వెనక అర్రల కూసోండ్రి. నాకు ఎదురు రాకుండ్రి."