దగ్గుల హాజరు

పొద్దున్నే ఆసుపత్రి తలుపు తీయగానే కాంపౌండరు బుడాన్ చేసే మొదటి పని, రోగులు కూర్చునే బల్లల మీది దూది నూగు దులపడం. పైన వాసాల మీద దగ్గులు కూర్చుని ఉండేవి మరి. రాత్రంతా అటూ ఇటూ మెదిలి నూగు రాల్చేవి.

చిలకలూరిపేట రోడ్డు మీద, పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లుకి ఎదురుగా, దాని గేటుకి కాస్త ఇవతల ఉండే పెంకుటిల్లు ఆ ఆసుపత్రి. డాక్టరు కాపురం వెనక గదుల్లోనే. డాక్టరు జయరావు మిల్లు కూలీ వీపు మీద అరచెయ్యి ఆనించి, "గట్టిగా ఒక్కసారి, తల్లీ" అనేవాడు. మనిషి దగ్గితే దగ్గు దగ్గంతా ఊడి బయటికొచ్చేది. పావురమంత ఉండేది, మాసిన దూది రంగు. ఎగిరి వాసమెక్కి ఒదిగి కూర్చునేది. ఆ రాత్రికి ఆ మనిషి హాయిగా నిద్రపోయేవాడు. తెల్లారి పనికి బయల్దేరి మిల్లు గేటు దగ్గరికి రాగానే వాసం మీంచి అతని దగ్గు దిగి, రోడ్డు దాటి వెళ్లి అతని గుండెల్లో దూరేది. లారీ వస్తుంటే ఆగి, అది పోయాక దాటేది. "నీది బాగా బలిసిందేవే" అని ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకునేవాళ్లు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

మిల్లులో హాజరు కూడా దగ్గులతోనే. యంత్రాలు తిరగడం మొదలెడితే నూగు పొగమంచులా లేచి మనిషికి మనిషి కనపడడు. పలుకుదామని నోరు తెరిస్తే గొంతులోకి పోతుంది. అందుకని మేస్త్రీ బసవయ్య గుమ్మంలో నిలబడి పేరు పిలిస్తే, లోపలివాళ్లు దగ్గేవాళ్లు. ఎవరి దగ్గు ఎవరిదో అతనికి కొట్టినపిండి.

ఓ వానాకాలంలో బుల్లయ్య అనే దూది బోరాలు మోసే కూలీ పోయాడు. మట్టిచేసి అందరూ ఇళ్లకెళ్లాక అతని దగ్గు శ్మశానం నుంచి ఒంటరిగా ఆసుపత్రికి తిరిగొచ్చింది. దూరడానికి గుండె లేదు కదా, పాపం. వాసమెక్కలేదది. డాక్టరు బల్ల మీద, బీపీ చూసే పెట్టె పక్కన కూర్చుంది. జయరావు ఎవరి వీపు మీద చెయ్యి పెట్టినా డాక్టరు మొహంలోకే చూసేది.

జయరావు ఆ చూపు పడలేక మిల్లు యజమాని దగ్గరికెళ్లాడు. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించమని అడిగాడు. ఆయన మజ్జిగ తెప్పించి, మర్యాదగానే అన్నాడు: "డాక్టరుగారూ, దగ్గు మీది, దుమ్ము మాది. ఎవరి పని వాళ్లు చేసుకుందాం."

ఫ్యాక్టరీలు తనిఖీ చేసే పెద్ద ఆఫీసుకెళ్తే, ఎమ్మెల్యే గారు చెబితే మిల్లులోకి వెళ్లి చూస్తామన్నారు. ఎమ్మెల్యే గారి ఇంటికెళ్తే, ఆయన మిల్లు యజమాని ఇంట్లో భోజనానికి కూర్చున్నారని చెప్పారు.

ఆ సాయంత్రం జయరావు భార్యతో అన్నాడు. "నేను తీస్తున్నాను, వాళ్లు మళ్లీ పెడుతున్నారు. ఇదేం వైద్యం ప్రేమా? ఈసారి ఎలక్షన్లో నిలబడతాను."

ప్రేమమ్మ గవర్నమెంటు బళ్లో టీచరు. చేతికంటిన సుద్దపొడి ఇంకా కడుక్కోలేదు. "ఈ ఇల్లెవరిదో గుర్తుందా? మిల్లాయనది. రేపు ఖాళీ చెయ్యమంటే మనం సరే, మా అమ్మ దగ్గరికి పోతాం. వాసాల మీదున్నవన్నీ ఎక్కడికి పోతాయండీ?"

జయరావు వాసాల వైపోసారి చూశాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ప్రేమమ్మ ఆ రోజు నుంచీ అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

నామినేషన్లకి ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు తలుపు మూసేస్తారు. కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్నాయేమో, గాలి నిండా ఘాటు. ఆ రోజుల్లో ఒక్కరు చాలు, జయరావు పేరు ప్రతిపాదిస్తూ ఆ నియోజకవర్గపు ఓటరొకడు ఆఫీసరు ముందు సంతకమో వేలిముద్రో పెట్టాలి. మాటిచ్చిన లారీ ఇమ్మానియేలు పన్నెండింటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"క్షమించండి డాక్టరుగారూ. నా బండికెక్కేవి మిల్లు దూది బేళ్లే. పిల్లలు గలవాణ్ణి" అని తల వంచుకు వెళ్లిపోయాడు.

ప్రేమమ్మ సంతకం చేద్దామన్నా ఉద్యోగం ఒప్పుకోదు. బుడాన్ ఓటు పిడుగురాళ్లలో ఉంది. బల్లల మీద కూర్చున్న రోగులు ఒక్కొక్కళ్లే లేచి జారుకున్నారు. డాక్టరు వెంట మిల్లు మనిషి ఎవరెళ్లినా ఆపమని బసవయ్యని గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెట్టారట. ఎన్నికల ఆఫీసుకి ఆ గేటు ముందునుంచి తప్ప దారి లేదు.

చివరికి మూల బల్ల మీద కరీమున్ ఒక్కతే మిగిలింది. మిల్లులో దూది ఏరే మనిషి. నాలుగు మాటలంటే ఆయాసమొచ్చేది.

"నా వేలు పనికొచ్చిద్దా అయ్యా?" అంది.

"రేపు నీ పేరు ఆఫీసు గోడకి అంటిస్తారు కరీమున్. అందరూ చదువుతారు."

"చదవనీయండి. రేపటి సంగతి రేపు. ఇయ్యాల గేటు దాటనిస్తే చాలు." ఊపిరి తీసుకోడానికి ఆగింది. "మా అమ్మాయి మిల్లులో చేరతానంటందయ్యా."

బుడాన్ పరిగెత్తి వాళ్లావిడ బురఖా పట్టుకొచ్చాడు. మొహం దాచొచ్చు సరే, దగ్గునెలా దాస్తారు? జయరావు కరీమున్ వీపు మీద చెయ్యి పెట్టి దగ్గు తీశాడు. అది వాసమెక్కింది. కానీ ఆమె గేటు దగ్గరికెళ్తే అది ఊరుకోదని ముగ్గురికీ తెలుసు.

అయినా బయల్దేరారు. రెండు దాటింది. ఎండ మండిపోతోంది. గేటు ఇంకా కాస్త దూరం ఉందనగా బుడాన్ వెనక్కి తిరిగి చూశాడు. దగ్గు ఆసుపత్రి చూరు మీంచి దిగింది. రోడ్డు వారగా గెంతుకుంటూ వస్తోంది. బసవయ్య స్టూలు మీంచి లేచి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కరీమున్ బుడాన్ వెనక్కి జరిగింది.

అది ఆమె వైపు ఎగరబోయే క్షణంలో జయరావు అడ్డం వచ్చి నోరు తెరిచాడు. "నాలోకి రావే తల్లీ" అన్నాడు. అన్నేళ్లుగా దగ్గుల్ని బయటికి పిలవడమేగాని, లోపలికి పిలవడం అతనికదే మొదలు. అదో క్షణం తటపటాయించి, దూరింది.

దాంతో ఆ మహానుభావుడు మోకాళ్ల మీదికి వంగిపోయాడు. బిందె రాతిమీద ఈడ్చినట్టు దగ్గు, చివర సన్నగా ఈల.

"కరీమున్!" అని కేకేశాడు బసవయ్య. తీరా చూస్తే దగ్గేది డాక్టరు. అతనికి మతిపోయింది. "కరీమున్ని పిలిస్తే మీరు పలుకుతారేంటండీ?"

"నేనే పలికాను. నా పేరు కూడా రాసుకో" అన్నాడు జయరావు, కళ్లు తుడుచుకుంటూ.

"మరి ఈ బురఖా ఎవరు?"

"మా ఇంటావిడ" అన్నాడు బుడాన్.

"ఏదీ, ఓసారి దగ్గమను."

బుడాన్ ఆఫీసు దారి వంక చూశాడు. మిల్లులో గంట కొట్టారు, రెండున్నర. బురఖా లోపల కరీమున్ ఊపిరి బిగబట్టి, ఉన్న శక్తంతా పెట్టి దగ్గింది. పాలు తాగిన పసిపిల్ల గొంతు సవరించుకున్నంత చప్పుడు. అంతే. ఇంకేం లేదక్కడ.

బసవయ్య చాలాసేపు ఆలకించాడు. "ఇది మా మిల్లు మనిషి కాదులే. పోండి" అని స్టూలు మీద కూలబడ్డాడు.

ఆఫీసులో అధికారి కాగితం ముందుకి జరిపి, "పేరేంటమ్మా?" అన్నాడు. ఆమె ముసుగు తీసింది. "షేక్ కరీమున్" అంది. గది చివర బంట్రోతు తలెత్తి చూశాడు, అంత గట్టిగా వచ్చింది. మిల్లులో చేరాక తన గొంతు అంత గట్టిగా తను వినడం ఆమెకదే మొదలు. ఆ చప్పుడుకి తనే బెదిరి, సిగ్గుపడి, వేలు సిరాలో ముంచింది.

పొద్దుగూకుతుండగా ఇంటి బయట దగ్గు వినిపించి ప్రేమమ్మ, "కరీమున్, లోపలికి రావే" అని తలుపు తీసింది. గుమ్మంలో భర్త. ఆమె అతన్ని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. రోజూ అతను చేసేది చూసిందే కదా, వీపు మీద అరచెయ్యి ఆనించి, "గట్టిగా ఒక్కసారి" అంది. అతను దగ్గాడు. చెయ్యి మార్చి మళ్లీ అంది. ఎంతకీ రాలేదు.

"రాదు ప్రేమా. పిలిచి తెచ్చుకున్నది."

"ఎన్నాళ్లుంటుంది?"

"మిల్లులో దుమ్మున్నన్నాళ్లూ."

ప్రేమమ్మ లోపలికెళ్లి మిరియాలు దంచి, పాలు కాచి తెచ్చింది. అతను తాగుతుంటే గోడకానుకుని నిలబడి ఆ ఈల వింటూ ఉండిపోయింది. తర్వాత గ్లాసు అందుకుంటూ అడిగింది:

"ఉద్యోగం సంగతి తర్వాత. రేపు ఓట్లడగడానికి మొదట ఏ ఊరు వెళ్దాం?"