గాజుపెట్టెలో కీచురాళ్ళు

నీళ్ళగిన్నెలో పడి సగమైనా చచ్చి ఉంటాయి, కీచురాళ్ళకు ఈత రాదు కదా. మిగిలిన సగంలో కొన్నిటిని పెంపుడుబల్లి టాఫీ తినేసి ఉంటుంది. ఆపైన మిగిలినవి ఏ మూలనో నక్కి ఉంటాయి, తమను తినేదాని దగ్గరకు పురుగులు ఎందుకు వెళతాయి, ఏ పురుగూ అంత తెలివితక్కువది కాదు. ఎల్డన్ ఈ లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాడు. ఎలా వేసినా చివర్లో కొన్ని కీచురాళ్ళు మిగిలిపోతున్నాయి.

సరస్సు మీద ఎండ చురుక్కుమంటోంది. చెక్క రేవు చివర ఓపల్ కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసుకుని కూర్చుంది. పక్కనే ఎరల కొట్లో కొన్న కీచురాళ్ళ గొట్టం ఉంది, సన్నటి జాలీతో చేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఒక్కో పురుగునూ గాలానికి గుచ్చేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటోంది. ఇందాక అలా ముఖం తిప్పుకునే అడిగింది.

"అయిదు కంటే ఎక్కువ వేయొద్దని మిస్టర్ గిల్లిస్‌కి చెప్పావుగా? తినగా మిగిలినవి తీసేయమని?"

"చెప్పాను," అన్నాడు ఎల్డన్.

"ఎందుకంటే టాఫీ కుబుసం విడవబోతోంది. మనం బయల్దేరే రోజుకే ఒళ్ళంతా తెల్లగా పాలిపోయింది, చూశావుగా. అప్పుడది కదలదు. వీటికి ఆకలేస్తే దాన్నే కొరుకుతాయి. వేళ్ళు కొరికేస్తాయి. కళ్ళు కూడా." గాలం విసిరి, బెండు నీటి మీద నిలిచాక తాపీగా మళ్ళీ అంది. "అసలేం పెట్టకపోయినా వారం రోజులు ఉంటుంది తెలుసా. తోకలో కొవ్వు దాచుకుంటుంది."

పక్కింటి గిల్లిస్‌కు ఎల్డన్ ఏమీ చెప్పలేదు. అసలు గిల్లిస్‌ను ఏమీ అడగలేదు.

కిందటి ఏడాది ఆకులు రాలే కాలంలో అతను డార్లాను పెళ్ళిచేసుకుని వాళ్ళింటికి మారాడు. అప్పటికే ఆ ఇంట్లో ఆమె కూతురు ఓపల్ ఉంది, ఓపల్ గదిలో ఓ గాజుపెట్టె, అందులో పసుపు ఒంటి మీద నల్లచుక్కల బల్లి. చాలా నెలలు ఆ పెట్టె మూత అతను ముట్టుకోవడానికి వీల్లేకపోయింది. "దానికి కొత్తవాళ్ళు పడరు," అనేది ఓపల్. ఎవరికి పడరో ఎల్డన్‌కు తెలుసు, అందుకే దూరంగా నిలబడి చూసేవాడు. సెలవులకు బయల్దేరే ముందు మాత్రం, డార్లా బట్టలు సర్దే హడావిడిలో ఉండగా, ఓపల్ అతని గది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. "మిస్టర్ గిల్లిస్‌తో నువ్వే మాట్లాడు. అమ్మయితే సగం మరిచిపోతుంది. నువ్వు మరిచిపోవు." ఆ పిల్ల అతన్ని నమ్మి అప్పగించిన మొదటి పని అది.

మరిచిపోలేదు. ప్రతి ముక్కా గుర్తుంది. ఆ సాయంత్రమే వెళ్ళి పక్కింటి వరండాలో నిలబడ్డాడు. గిల్లిస్ సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, కంచె మీద మోచేతులు ఆనించి దారినపోయే కుక్కతోనైనా కబుర్లు చెబుతాడు. భయపడడానికి అతనిలో ఏమీ లేదు. ఎల్డన్ తలుపు ముందు నిలబడి మాట కూర్చుకున్నాడు. మా బల్లిని వారం రోజులు చూసుకుంటారా. అంతే, చిన్న మాట. దానికి ముందు 'మీకు శ్రమ కాకపోతే' చేర్చాడు. తరవాత 'బల్లులంటే మీకు అసహ్యం లేకపోతే' చేర్చాడు. 'కాదన్నా నేనేమీ అనుకోను' అని కూడా చేర్చాక మాట మోయలేనంత బరువైపోయింది. లోపల టీవీలో జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుతున్నవాళ్ళంతా తన మాట విన్నట్టే అనిపించింది. చప్పుడు కాకుండా మెట్లు దిగి వచ్చేశాడు.

"మాట్లాడావా?" అంది ఓపల్.

"మాట్లాడాను."

బయల్దేరే పొద్దున, తల్లీకూతుళ్ళు కారులో సామాను ఎక్కిస్తుంటే, ఒక్కడే ఆ గదిలోకి వెళ్ళాడు. కీచురాళ్ళ డబ్బా మూత తీసి గాజుపెట్టెలో బోర్లించేశాడు, మొత్తం. పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టాడు. మూత వేసి గట్టిగా నొక్కాడు. అప్పుడు అతనికి కలిగింది భయం కాదు, సంతోషం. ఇంటికొచ్చిన చుట్టాలకు కడుపునిండా వడ్డించినవాడి సంతోషం. ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడుతున్నది దానికే. ఎవరినీ అడగనక్కర్లేకుండా జీవితాన్ని ఎలా అమర్చుకోవచ్చో అతనికి బాగా తెలుసు. పుస్తకాల వెనక ఉండే పదసూచికలు తయారుచేస్తాడు, ఇంట్లో కూర్చుని, ఒంటరిగా. ఏ పుస్తకంలో ఎక్కడ భయం దాక్కుని ఉందో వెతికి పట్టుకుని దాని పేజీ అంకె వేయగలడు.

వెనక చెక్కలు కిర్రుమన్నాయి. డార్లా కాఫీ కప్పుతో వచ్చి మడతకుర్చీ విప్పుకుని కూర్చుంది.

"ఏమైనా పడ్డాయా తల్లీ?"

"రెండు. చిన్నవి, వదిలేశాను. అమ్మా, మిస్టర్ గిల్లిస్‌కి ఫోన్ చేద్దామా? టాఫీకి కుబుసం ఊడిందో లేదో."

"నీ బల్లి మనకంటే సుఖంగా ఉంటుందిలే. దాని కింద వేడిపట్ట ఉంది. నాకు ఈ కుర్చీ ఉంది, దీనికో కాలు పొట్టి." డార్లా ఎల్డన్ వైపు తిరిగింది. "నిజంగానే నువ్వు గిల్లిస్‌తో మాట్లాడావా? నీ అంతట నువ్వే? ఈ ఏడాదికి నీ మాటల కోటా అయిపోయుంటుందే."

"రెండు ముక్కలేగా," అన్నాడు ఎల్డన్.

"ఆయనతో రెండు ముక్కలా. నేను చెత్తబుట్ట బయట పెట్టడానికెళ్ళి ఆయన మోకాలి ఆపరేషన్ మొత్తం విని వచ్చా. సరే, మన తాళంచెవి ఎలాగూ ఆయన దగ్గరే ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసెయ్, దీని గోల వదులుతుంది."

"ఇక్కడ సిగ్నల్ లేదు."

"రోడ్డు మీదికెళితే ఉంటుంది," అంది ఓపల్. "నీ దగ్గర నంబరుందా?"

"ఉంది."

లేదు. ఉందనడం ఎంత తేలికో అతనికే ఆశ్చర్యమేసింది. లేచి గట్టు ఎక్కాడు. క్యాబిన్ దాటాక కంకరదారి, దాని చివర తారురోడ్డు. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే రేవు మీద ఇద్దరూ బొమ్మల్లా కనిపిస్తున్నారు. ఓపల్ చెయ్యూపింది. ఎల్డన్ ఫోను చెవికి ఆనించుకున్నాడు. వాళ్ళు చూస్తున్నారు కాబట్టి పెదవులు కదిపాడు. హలో అన్నాడు, నేను ఎల్డన్‌ను అన్నాడు. గాజు చల్లగా చెవికి తగులుతోంది, అవతల ఏమీ లేదు, మోగడం కూడా లేదు. ఆ ఏమీ లేనితనం తన మాటలు వింటున్నట్టనిపించింది. తలుపు మూసిన గదిలో, తెల్లబారిన చర్మంలో బిగుసుకుపోయి, కదలలేక, ఒకటి పడుకుని ఉంది. దాని చుట్టూ మీసాలు కదులుతున్నాయి. తిండిగా వేసిన పురుగు ముందు మీసంతో తాకి చూస్తుంది. అది కదలదు. మళ్ళీ తాకి చూస్తుంది.

కిందికి వచ్చాడు. "బాగుందట."

"ఊడిందా?"

"సగం ఊడిందట."

"వేళ్ళ దగ్గర? వేళ్ళ దగ్గరే ఇరుక్కుంటుంది."

"వేళ్ళ దగ్గర కూడా." లేని వేళ్ళ గురించి చెబుతున్నాడేమో.

ఓపల్ ఊపిరి వదిలింది. గాలం పక్కన పెట్టి, అతను తన పక్కన కూర్చోగానే, ఏదో పరధ్యానంలో ఉన్నట్టు అతని భుజానికి తల ఆనించింది. ఇన్ని నెలల్లో ఎప్పుడూ అలా చేయలేదు. తడిజుట్టు బరువు, సబ్బు వాసన. ఎల్డన్ కదలలేదు. ఈ క్షణం కోసం నెలలుగా ఎదురుచూశాడు, అది వచ్చేసరికి లేచి పారిపోవాలనిపించింది. ఆ తల ఆనింది తన భుజానికి కాదు, రోడ్డు మీద వట్టి ఫోనుతో మాట్లాడి వచ్చినవాడి భుజానికి.

చూపు తిప్పుకోడానికని కీచురాళ్ళ గొట్టం వైపు చూశాడు. అడుగున ఒకటి వెల్లకిలా పడి ఉంది. చచ్చిందనుకున్నాడు. దాని మీద మరో రెండు ఎక్కి ఉన్నాయి, నింపాదిగా, పనిలో ఉన్నట్టు. కాసేపు చూశాక కింద ఉన్నదాని కాలు కదిలింది.

లేచాడు. ఓపల్ తల ఆసరా తప్పి తూలింది.

"పాలు అయిపోయాయి," అన్నాడు. "కొట్టుకెళ్ళి తెస్తా."

"సగం సీసా ఉందిగా," అంది డార్లా.

"రేపటికి చాలవు."

ఇల్లు రెండు గంటల దూరం. వెళ్ళడానికి రెండు, రావడానికి రెండు. కారు చెడిపోయిందనవచ్చు, దారి తప్పాననవచ్చు. గాజుపెట్టెలో చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నీ ఏరి పారేస్తాడు, తిరిగి వస్తాడు, ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. పక్కింటివాడికి ఒక ఫోను చేయడం కంటే ఇది అతనికి ఎంతో తేలికగా తోచింది. అది తేలికగా తోచడం ఎంత వింతో కూడా తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన కాళ్ళు ఆగలేదు.

కారులో కూర్చుని తాళంచెవి తిప్పబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. ఓపల్ ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఒళ్ళో కీచురాళ్ళ గొట్టం.

"నేనూ వస్తా. నాకు ఐస్ కావాలి."

"అది ఇక్కడే పెట్టి రావచ్చుగా."

"ఎండలో పెడితే చచ్చిపోతాయి."

సరే, పాలు కొని వచ్చేద్దాం, అనుకున్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు. మూసిన కారులో కీచురాళ్ళు మొదలుపెట్టాయి, ముందొకటి, తరవాత అన్నీ. ఎరల కొట్టు ఎడంపక్కన వచ్చింది, మంచుగడ్డల పెట్టె, పెట్రోలు పంపు, ఎర్ర బోర్డు. ఎల్డన్ పాదం బ్రేకు మీదికి వెళ్ళాలి. వెళ్ళలేదు. బోర్డు పక్కనుంచి జరిగి వెనక్కు పోయింది.

"కొట్టు దాటిపోయావు," అంది ఓపల్.

అతను మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏది బయటికొస్తుందో తెలియలేదు. ఇంకో కొట్టుందని చెప్పాలి, అది ఎక్కడుందని ఈ పిల్ల అడుగుతుంది, అప్పుడు ఇంకోటి చెప్పాలి. రోడ్డు రెండు పక్కలా మొక్కజొన్న. కారు వేగం పెరిగింది. మీసం తాకి చూస్తోంది. అది కదలడంలేదు.

"ఎల్డన్. మనం ఎక్కడికెళుతున్నాం?"

చాలాసేపటికి అతనికి ఒక సంగతి తట్టింది. ఓపల్ మళ్ళీ అడగలేదు. ఏదైనా సమాధానం వచ్చేదాకా వదలని పిల్ల. ఓరగా చూశాడు. సీటు అంచుకు, తలుపు వైపుకు, వీలైనంత ఒదిగిపోయి ఉంది. గొట్టం కాళ్ళ దగ్గర పడి ఉంది. ఆ పిల్ల కుడిచెయ్యి తలుపు గొళ్ళెం మీద ఉంది. లాగడంలేదు, ఊరికే పట్టుకుని ఉంది. కళ్ళు రోడ్డు మీద పెట్టి, కదలకుండా, ఊపిరి కూడా పైపైనే పీలుస్తూ.

ఆ బిగుసుకుపోవడం అతనికి తెలుసు. వరండాలో తలుపు ముందు తను నిలబడ్డది అలాగే. కానీ ఈ పిల్ల భయపడుతున్నది తలుపుకు కాదు, పక్కింటివాడికి కాదు. తనకు. ఇన్నాళ్ళూ భయమంటే తన లోపల జరిగేదనుకున్నాడు, దాన్ని దాచుకుంటే చాలు ఎవరికీ హాని ఉండదనుకున్నాడు. మాట్లాడని మనిషి నడుపుతున్న కారులో కూర్చోవడం ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.

పొలం గేటు దగ్గర కారు పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీంచి చేతులు తీసి, కనబడేలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంటికెళుతున్నాను," అన్నాడు. "మిస్టర్ గిల్లిస్‌ని నేను అడగలేదు. ఆయనకేమీ తెలియదు."

ఓపల్ గొళ్ళెం వదల్లేదు. "మాట్లాడానన్నావు."

"మాట్లాడలేదు."

"మరి ఇందాక? రోడ్డు మీద? ఎవరితో మాట్లాడావు?"

"ఎవరితోనూ లేదు."

ఆ మాటకు పిల్ల అతనికేసి తిరిగింది. కోపంగా కాదు. ఎన్నడూ చూడని జీవిని చూసినట్టు. "ఒక్కడివే పెదాలు ఆడించావా?"

"అవును."

"టాఫీకి తిండి?"

"డబ్బా మొత్తం పోసేశాను. బయల్దేరే ముందు."

ఓపల్ ముఖం నెమ్మదిగా పాలిపోవడం చూశాడు. ఏడుస్తుందనుకున్నాడు, అరుస్తుందనుకున్నాడు. ఏదీ చేయలేదు. కాళ్ళ దగ్గర కీచురాళ్ళు ఆగకుండా అరుస్తున్నాయి. పిల్ల ఆ గొట్టాన్ని చెప్పుతో దూరంగా తోసింది.

"నీకు ఆయనంటే భయమా?" అంది చివరికి. "మిస్టర్ గిల్లిస్ అంటేనా? ఆయన చెవుల్లో వెంట్రుకలుంటాయి, అంతే."

"ఆయనంటే కాదు. అడగడమంటే."

"నాకూ స్కూల్లో ఉంటుంది," అంది ఓపల్. అతని తప్పు క్షమించినట్టు కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. వెంటనే గొంతు మారింది. "ఆయన ఇప్పుడే వెళ్ళి తీసేయాలి. ఇప్పుడే. మనం వెళ్ళేసరికి రెండు గంటలు."

"నంబరు నా దగ్గర లేదు. నీకు తెలుసా?"

"అమ్మ కంఠస్థం చేయించింది. ఏదైనా అయితే చేయమని." చెయ్యి చాచింది. గొళ్ళెం మీద ఉన్న చెయ్యి కాదు, రెండోది. "ఇలా ఇవ్వు, నేను మాట్లాడతా. నువ్వు మళ్ళీ ఉత్తుత్తిగా చేస్తావు."

ఎల్డన్ ఫోను తీశాడు. ఇచ్చేస్తే అయిపోతుంది. ఈ పిల్ల గొంతు గిల్లిస్ వింటాడు, తాళంచెవి తీసుకుని పరిగెత్తుతాడు, మోకాలి నొప్పితోనైనా. తను కిటికీలోంచి మొక్కజొన్న చూస్తూ కూర్చోవచ్చు. ఆ చిన్న అరచెయ్యి గాలిలో ఎదురుచూస్తోంది. ఏం చెప్పాలో కూర్చుకోబోయాడు, మీకు శ్రమ కాకపోతే, అనేది అప్పుడే తలలో మొదలైంది.

"అంకెలు చెప్పు," అన్నాడు. "నీకూ వినబడేలా పెడతాను."

ఓపల్ అతని ముఖంలోకి చూసి, చెయ్యి వెనక్కు తీసుకుని, ఒక్కో అంకే చెప్పింది. అతను ఒక్కో అంకే నొక్కాడు. చివరి అంకె అయ్యాక పచ్చగుర్తు మీద వేలు పెట్టి నొక్కాడు.