రూపాయికి రెండు

ఎలక్షన్లు వచ్చాయంటే ఇబ్రహీంపట్నంలో గోపయ్య హోటల్‌కు చాయ్ కోసమే పోయేవాడు ఒక్కడూ ఉండడు. అక్కడ పందేలు నడుస్తాయి. ఎవరి గెలుపు మీద ఎంత రేటో గోపయ్య నాలుక మీదే ఉంటుంది. ఆ ఏడు నారయ్య గెలుస్తాడని కాస్తే రూపాయికి అర్ధరూపాయి. ఇంద్రసేన గెలుస్తాడని కాస్తే రూపాయికి రెండు. అంటే గోపయ్య లెక్కలో ఇంద్రసేన ఓడిపోయే మనిషన్నమాట.

"నీ రేటు పాడుగాను! జనం మాట నాకెరుకనే," అన్నాడు షేర్ ఆటో నడిపే బాలనర్సింహ.

ఎరుకే మరి! తుర్కయాంజాల్ మీదుగా ఎల్బీనగర్‌కు రోజూ ఎనిమిది ట్రిప్పులు కొడతాడు. ఎక్కిన ప్రతివాడినీ "ఎవరు గెలుస్తరే?" అని గెలికేవాడు. తుర్కయాంజాల్ కాలనీల్లో ఎక్కేవాళ్లు పదిమందిలో ఎనిమిది మంది ఇంద్రసేన అనేవాళ్లు. అందులో రమాకాంత్ అని బట్టల దుకాణం గుమాస్తా ఒకడు, డ్రైవరు పక్క సీటు వదిలేవాడు కాదు, నోరు మూసేవాడూ కాదు. "రాసిపెట్టుకో అన్నా, ఇంద్రసేననే!" అని రోజూ అదే పాట.

నిజానికి బాలనర్సింహకు ఇంద్రసేనా అక్కర్లేదు, నారయ్యా అక్కర్లేదు. అతనికి కావలసింది నూట యాభై గజాల జాగా. భార్య రేణుకమ్మకు జబ్బు చేసినప్పుడు దవాఖాన ఖర్చులకు ఉన్న ఎకరన్నరా అమ్మేశాడు. పైసలూ పోయాయి, మనిషీ పోయింది. వాళ్ల కులంలో పోయినవాళ్లను సొంత చేనులోనే పెడతారు. కొన్న ఆసామి మంచివాడు కాబట్టి చేను మూలన సమాధి కట్టుకోనిచ్చాడు. తర్వాత ఔటర్ రింగు రోడ్డు పుణ్యమా అని ఆ భూమి చేతులు మారి వెంచర్ అయింది. రేణుకమ్మ నలభై ఏడో నంబరు ప్లాటులో పడింది.

"మూడు లక్షలు. నెలాఖరుకు మొత్తం కడితే నీది, లేకుంటే చదును చేస్తం," అన్నాడు వెంచర్ మేనేజరు.

బాలనర్సింహ దగ్గర లక్షే ఉంది. దాని మీద రెండు గెలిస్తే మూడు. లెక్క ఎంత ముద్దుగా కుదిరిందో! ఆమె లేదని అతనికి తెలియక కాదు. మూడేళ్లుగా మంచీ చెడూ ఆ సమాధి గద్దెకే చెప్పుకుంటున్నాడు, అదీ పోతే ఎవరికి చెప్పుకోవాలో అతనికి తోచలేదు. లక్షా తెచ్చి గోపయ్య చేతిలో పెట్టాడు.

పోలింగు నాడు పొద్దున్నే తుర్కయాంజాల్ స్టాపు నిండా అతని గిరాకీలే. అందరి చేతుల్లో బ్యాగులు. రమాకాంత్ పెళ్లాం పిల్లలతో సహా ఎక్కాడు.

"ఓటేసి ఊరికి పోతున్నవా?" అడిగాడు బాలనర్సింహ.

"ఎయ్యనీకే పోతున్న అన్నా. మా ఓటు కోదాడల ఉంది. ఈ కాలనీలల్ల ఈడ ఓటున్నోడు ఎవడే?"

వెనకవాళ్లంతా అవునవునని నవ్వారు. ఒకరిది సూర్యాపేట, ఒకరిది మిర్యాలగూడ. ఇన్నాళ్లూ ఇంద్రసేనను గెలిపించిన నోళ్లన్నిటినీ ఆ పూట బాలనర్సింహ తానే నాలుగు ట్రిప్పుల్లో ఎల్బీనగర్ బస్సుల దగ్గర దింపాడు.

మధ్యాహ్నం గోపయ్య దగ్గరికి ఉరికాడు. "అన్నా, నా పందెం తిప్పియ్యే. సగమన్నా ఇయ్యి, నీ కాల్మొక్త."

"ఓట్లు పడుతున్నంక ఎట్ల తిప్పుతనే? ఇంద్రసేనకు ఇప్పుడు రూపాయికి అయిదిస్తనన్నా తీసుకునేటోడు లేడు." గోపయ్యకూ పాపమనిపించింది. చాయ్ పోసిచ్చి పైసలు తీసుకోలేదు.

నారయ్య తొమ్మిది వందల ఓట్ల తేడాతో గెలిచాడు. కౌంటింగు నాడు ఊరంతా డప్పులు, గులాల్ రంగులు. బాలనర్సింహ ఆటోను వెంచర్ వైపు తిప్పి, సమాధి పక్కన కూలబడ్డాడు.

"వెయ్యిమందిని అడిగిన రేణుకా, ఎవరు గెలుస్తరని. మీ ఓటు యాడుందని ఒక్కన్ని అడగకపోతి. నువ్వుంటే మొదలు గదే అడుగుతుంటివి. ఎవలు కనబడ్డా నీ మొదటి మాట గదే గదా, మీదే ఊరు బిడ్డా అని. నువ్వు లేక నేను ఆగమైన."

నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ ఎనిమిది రోజులూ అతను ఆటో తీయలేదు. పొద్దున్నే వచ్చి ఆమె దగ్గర కూర్చునేవాడు.