నాడె మీద నెత్తురు

“నోరు కడుక్కోని రాపో, మళ్లా పెడుదువు.”

నా మనవడు నటేశన్ పెళ్లాంతో పొద్దున్నే అనే మొదటి మాట ఇది. జ్ఞానాంబ ఇడ్లీ గిన్నె పట్టుకుని అట్నుంచటే వెనక్కి తిరిగిపోయేది. అప్పటికే రెండుసార్లు తోముకుని వచ్చిన పిల్ల. మూడోసారి తోమితే చిగుళ్ల నుంచి నెత్తురు. మళ్లీ వాసన, మళ్లీ అదే మాట. ఇరవై రెండేళ్లకే నోటికి పైట అడ్డం పెట్టుకుని మాట్లాడడం అలవాటైంది దానికి. ఆ నటేశనే సాయంత్రమైతే పార్టీ రంగుల అంచు పంచె కట్టుకుని, గుడియాత్తం బస్టాండు దగ్గర మైకు పట్టుకుని, ఆడదానికి మగవాడితో సమానంగా హక్కులుండాలని గొంతు చించుకుంటాడు. అక్కడ చెమట తుడుచుకునే తుండునే ఇంట్లో పెళ్లాం దగ్గరికొస్తే ముక్కుకు అడ్డం పెట్టుకుంటాడు.

మాది నేతపని. మగవాడు మగ్గం గుంటలో కూర్చుని నేస్తాడు. ఆ పనికి పేరుంది, కూలి ఉంది. ఆడది నూలు ఆరబెట్టాలి, కండెలు చుట్టాలి, కండె అయిపోయినప్పుడల్లా కొత్తది మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టి, నాడె పక్కనున్న సన్నటి కన్నానికి నోరానించి, లోపలి దారాన్ని ఒక్క గుక్కలో బయటికి పీల్చి మొగుడి చేతికివ్వాలి. ఈ పనికి పేరూ లేదు, కూలీ లేదు. మా అత్త పీల్చింది, నేను పీల్చాను, నా కోడలు పంకజమ్మ పీల్చింది, ఇప్పుడు దాని కోడలు జ్ఞానాంబ. మగవాళ్లు పీల్చకూడదని ఎవరూ చెప్పలేదు. పీల్చలేదు, అంతే.

“వొళ్లు వేడి చేసిండాది. వేడి దిగితే చిగుళ్లు అవే గట్టిపడతాయిలే” అని పంకజమ్మ కోడలికి రెండు పూటలా చెంబెడు తాటిబెల్లం పానకం పట్టేది. ప్రేమగానే పట్టేది. పిల్ల రోజురోజుకీ చిక్కిపోయింది. కుండలో నీళ్లన్నీ ఒక్కతే తాగేసేది, మాటిమాటికీ పెరట్లోకి లేచిపోయేది. “పని చెప్తే సాలు, దొడ్డికి దారి పడతాది మహారాణి” అనేది అదే ప్రేమగల అత్త.

పార్టీ మానాడు వస్తోందని, ఆ మహాసభకి నటేశన్ తెల్ల పంచెలు నేస్తున్నాడు. తెలుపులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. అంచు రంగు కారిందనుకున్నారు. ఒకరోజు నటేశన్ నాడె ఎత్తి చూస్తే కన్నం చుట్టూ తడి నెత్తురు.

“థూ! మా నాయకులు కట్టుకునే గుడ్డే ఇది! నీ నోటి కంపంతా దీనికి పూస్తావా?”

జ్ఞానాంబ ఏడవలేదు. పెరట్లో నా పక్కన కూర్చుని ముందుపన్నును నాలుకతో కదిలించి చూపించింది.

“ఊడేటట్టుండాది అవ్వా. ఇది పీకించుకుంటే ఆయన నాతో మాట్లాడతారా?”

ఆ మాట విన్నాక నేను దాన్ని ఇంట్లో కూర్చోబెట్టలేకపోయాను. మర్నాడే వేలూరు బస్సెక్కించాను.

పళ్ల డాక్టరమ్మ ఏ పొడితో తోముతావని అడగలేదు. దాహం ఎక్కువా, ఊరికే లేస్తావా అని అడిగి, నెత్తురు పరీక్షకు పంపింది. షుగరు. అదీ చాలా ఎక్కువ.

“ఈ వయసు పిల్లకా తల్లీ?” అన్నాను.

“చిన్నవాళ్లకీ వస్తోంది అవ్వా. షుగరు పెరిగితే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లలో చీముంటే షుగరు అదుపులోకి రాదు. రెంటికీ కలిపి వైద్యం చేస్తేనే రెండూ దారికొస్తాయి. వారం వారం రావాలి. ఆ పానకం ఇక ముట్టొద్దు.” తర్వాత నా బోసినోటి వైపు చూసింది. “మీ పళ్లెప్పుడు పోయాయి?”

“ముప్పై దాటకముందే.”

“ఎందుకు?”

ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. పిల్లల్ని కన్న ఒళ్లు కదా, పోకుండా ఉంటాయా అని అత్త అంది, నేను నోరు మూసుకున్నాను. నాకూ దాహమే వేసేదో ఏమో, ఇప్పుడెవరు చెప్పగలరు?

ఇంటికొచ్చి చెప్తే నటేశన్ లేచాడు. “షుగరా? ఆ పరదరామిలో దీని పుట్టింటోళ్లు రోగం దాచిపెట్టి నాకు అంటగట్టినారు. పోయి వాళ్లింట్లోనే చూపించుకోమను.”

“వారం వారం వేలూరంటే కండెలెవురు చుట్టేది?” అంది పంకజమ్మ.

నొప్పిగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. “అది యాడికీ పోదు. ఈ ఇంట్లోనే ఉంటాది, నాతోనే ఆస్పత్రికి వస్తాది” అన్నాను. ముసలిదాని మాట కదా, ఎవరూ లెక్కపెట్టలేదు.

మళ్లీ వారం బస్సు వేళకు ఇద్దరం గడప దగ్గరికొచ్చాం. మగ్గంలో కండె అయిపోయింది. నటేశన్ తల తిప్పకుండానే నాడె చాపాడు.

“పీల్చి ఇచ్చి పో.”

జ్ఞానాంబ నాడె అందుకుంది. కొత్త కండె పెట్టింది. నోటి మీది పైట తీసి నడుముకు దోపుకుంది. నాడెను తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

“మీరే పీల్చుకోండి.”

అతను ఆ కన్నం వైపు చూస్తూ ఉండిపోయాడు. మేం వీధిలోకి దిగాం. మలుపు దాకా చెవిపెట్టి వింటూనే నడిచాను. ఇరుగుపొరుగు మగ్గాలన్నీ ఆడుతున్నాయి. మాది ఆడలేదు.