ఆమె అడుగులు, ఆయన సన్మానం

“అంట్లు తోమేటప్పుడు వాచీ తీస్తే ఏమైతది? గింత లొల్లేంది!” అని స్వరూపరాణి కసిరింది.

“తియ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?” అంటూ భర్త కొండల్ వాచీని మళ్ళీ ఆమె చేతికి పెట్టి ఆఫీసుకు పోయాడు. పదిహేను రోజుల కిందట దాన్ని పెళ్ళిరోజు కానుకగా ఇచ్చాడు.

అసలు సంగతి సాయంత్రం పక్కింటి శ్రీకళ చెప్పింది. ఆమెదీ ఎల్బీనగర్‌లోని అదే ఆఫీసు. ఉద్యోగుల ఆరోగ్యం కోసం అడుగులు లెక్కపెట్టే వాచీలిచ్చారట. ఎక్కువ నడిచినవారికి శనివారం విందులో సన్మానమట.

“అన్ననే ఫస్టు వదినా! వనస్థలిపురం నుంచి రోజూ నడిచొచ్చే అటెండర్ అండాలమ్మ గూడ వెనకబడ్డది.”

స్వరూపరాణికి ఒళ్ళు మండింది. లిఫ్టు లేని మూడంతస్తులు ఎక్కి దిగేది తను, దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్ తిరిగేది తను. ఆయన సందు చివరి కొట్టుకు కూడా బండి మీదే పోతాడు.

రాత్రి అన్నం దగ్గర కొండల్, “జర పెరుగు తే” అన్నాడు.

ఆమె కదలలేదు. “నేను లేస్తే నీకింకో పది అడుగులు పెరుగుతయ్. శనివారం నేనూ ఒస్త. నీ పేరు పిలిస్తే స్టేజీ నేనే ఎక్కుత.”

కొండల్ చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. “వద్దు రాణీ. రేపు సారుకు నేనే చెప్త. సన్మానం అండాలమ్మకే” అన్నాడు.

“నడిచిపోయి చెప్పు” అంటూ ఆమె వాచీ విప్పి కంచం పక్కన పెట్టింది.