నిన్నటి నీలం దీపం

ఫోన్లో హోరు.

యంత్రాల గదిలో గాలి — ఆగని గాలి, ఏ ఆకునూ కదపని గాలి.

ఆ గదిని ఆమె ఎన్నడూ చూడలేదు. అది ఎక్కడో వేరే ఊళ్లో ఉంది. ఇక్కడి కుర్చీలోంచే అక్కడి సర్వర్లకు జ్వరం చూస్తుంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూస్తుంది, మొరాయిస్తే ఆపి మళ్లీ లేపుతుంది. ఆఫీసులో అందరూ నర్సమ్మ అంటారు. ఆమె నవ్వుతుంది. నవ్వడానికీ ఓపిక కావాలి.

అక్కడ చేతులు మాత్రం బాబాయ్‌వి. గదిని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన. అందరూ వరస కలిపి అలాగే పిలుస్తారు. పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టేది ఆయనే. మొన్ననే కంట్లో శుక్లం తీయించుకుని పనిలోకి వచ్చాడు.

ఏ సర్వరో ఆయనకు తెలియాలంటే ఆమె ఇక్కడ బటన్ నొక్కుతుంది. అక్కడ దాని మీద నీలం దీపం వెలుగుతుంది. దీపం చూసి ఆయన చెయ్యి పెడతాడు.

నిన్న ఒక సర్వర్‌కి కుడి డిస్కు మార్పించింది. ఎడమదాంట్లోని సమాచారమంతా కొత్తదాంట్లోకి ఎక్కేదాకా ఎడమదే దానికి ప్రాణం.

దీపం ఆర్పడం మరిచిపోయింది.

పక్క కుర్చీ అమ్మాయి పెళ్లి సెలవులో ఉంది. రెండు కుర్చీల పని... ఒకటే నడుము. కళ్లు తెరిచే ఉంటున్నాయి, చూపే ఉండటం లేదు.

ఈ మధ్యాహ్నం ఇంకో సర్వర్‌లో ఎడమ డిస్కు పోయింది. దానికీ దీపం వెలిగించి ఫోన్ చేసింది.

"నీలం దీపం ఉన్నదాంట్లో ఎడమది తియ్యి, బాబాయ్."

"అలాగే తల్లీ."

గదిలో అడుగుపెట్టగానే ఆయనకు నిన్నటి దీపం కనిపించింది. దాంట్లో ఎడమది లాగేశాడు.

తెర ఎర్రబడింది. మంచిగా ఉన్న సర్వర్ కుప్పకూలింది. డిస్కు మళ్లీ దోపినా లేవలేదు. ఒక ఆస్పత్రి స్కానింగ్ రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి.

మేనేజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఆ ముసలాయన్ని ఆ కళ్లతో పనిలోకి ఎవరు రానిచ్చారు? రేపట్నుంచి రావద్దని నువ్వే చెప్పు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ మొత్తం ఆయన దోసిట్లోనే పోశారు.

నిన్నటి దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఒక్క బటన్ నొక్కితే ఆరిపోతుంది. ఎవరూ అడగరు. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు భయమేసింది. భయం కంటే ముందు — నిద్ర వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్ మోగింది. బాబాయ్.

"తల్లీ, నువ్వు చెప్పిందే తీశాననుకున్నా. తీరా చూస్తే వెనక వరసలో ఇంకో నీలం దీపం..." గొంతు తగ్గించాడు. "నిజంగానే రెండున్నాయా? నాకే రెండు కనిపిస్తున్నాయా?"

ఆమె వేలు బటన్ మీద ఉంది. మేనేజరు వెనకే ఉన్నాడు.

"చెప్పమ్మా. నీ మాటే నమ్ముతా."

హోరు... ఆగని గాలి...

ఆ గాలిలో నిలబడి, ఆయన వింటున్నాడు.